అత్యవసరం రాకముందే పాలసీ కాగితం విప్పండి

అర్ధరాత్రి ఇంట్లో పెద్దవారికి ఛాతీలో బరువుగా ఉందంటే, ‘మన కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుంది?’ అని వెదుకుతూ కూర్చునే కుటుంబాలున్నాయి. అలా కూర్చోకండి. గుండెపోటుకు, పక్షవాతానికి, ప్రమాదపు గాయాలకు మా మతబ్‌లో మందు లేదు. ఖమీరా నాకించి తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేసి, దగ్గరున్న పెద్ద ఆసుపత్రికి చేర్చండి. అది కంపెనీ జాబితాలో లేకపోయినా, బిల్లు కట్టి తరువాత ఆ సొమ్ము కోరే వీలు చాలా పాలసీల్లో ఉంటుంది. ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడటం ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

కార్డు సంగతి ముందే తెలుసుకోవాలి. క్యాజువాలిటీలో ఇంజక్షన్ ఇచ్చి పంపేస్తే మామూలు పాలసీలో డబ్బు రాదు. సాధారణంగా 24 గంటలు చేరి ఉండాలి. డయాలసిస్, కంటి శుక్లం ఆపరేషన్ వంటివి వేరు. కొత్త పాలసీకి మొదటి 30 రోజులు జబ్బులకు వర్తించదు, ప్రమాదాలకు వర్తిస్తుంది. చేరిన సంగతి కంపెనీకి ఎన్ని గంటల్లో తెలపాలో కాగితంలోనే ఉంటుంది, చూడండి.

ఇక షుగర్, బీపీ. నబ్జ్ చూపించేటప్పుడు నాతో దాచనివారు బీమా ఫారంలో మాత్రం ఎందుకు దాస్తారో నాకు అర్థం కాదు. ఏజెంటు వద్దన్నాడంటారు. కానీ ఆసుపత్రిలో డాక్టరు అడిగితే ‘పదేళ్ళుగా షుగర్’ అని చెబుతారు, అది కేస్ షీటులో ఎక్కుతుంది, కంపెనీవారు చూస్తారు. అక్కడే క్లెయిము ఆగుతుంది. నిజం రాస్తే పాత జబ్బులకు మహా అయితే మూడేళ్ళు ఆగాలి. 2024 నుంచి కొత్త పాలసీలకు అంతకు మించి గడువు పెట్టరాదు.

గది అద్దె మరో చిక్కు. మూడు లక్షల పాలసీలో అద్దె ఒక శాతమని ఉంటే రోజుకు 3,000 రూపాయలే. మీరు 6,000 గది తీసుకుంటే అద్దెలోనే కాదు, డాక్టరు, ఆపరేషన్ ఛార్జీల్లోనూ సగం కోసే షరతు ఉండవచ్చు. చూడవచ్చే బంధువుల కోసం పెద్ద గది తీసుకోవడం మనవారికి అలవాటే!

యునానీ ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకూ ఇప్పుడు బీమా ఉంది. నేను రాసిచ్చే మాజూన్‌కు, జోషాందాకు మాత్రం సాధారణంగా రాదు. బీమా ధర్మసమ్మతమా అన్న సందేహం ఉంటే ఆలిములను అడగండి, అది నా విషయం కాదు.

తమిళనాడులో ఏటా 1.20 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ముఖ్యమంత్రి బీమా పథకం ఉంది. 2021 డిసెంబరులో వచ్చిన ‘ఇన్నుయిర్ కాప్పోమ్’ పథకంలో రోడ్డు ప్రమాద బాధితులకు జాబితాలోని ఆసుపత్రుల్లో మొదటి 48 గంటల చికిత్స ఉచితం. నెల్లూరు నుంచి వచ్చిన మీ బంధువులకైనా సరే.

క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, తేనాంపేటలో అన్నా సాలై మీదున్న బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఏడాదిలోపు వెళ్ళండి. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.