ముందు నమోదు, తరువాతే పరీక్ష

జవాబుపత్రాలు చూసిన తరువాత ప్రశ్నపత్రం తయారు చేస్తే తప్పేవారెవరూ ఉండరు. పరిశోధనలకూ ఇదే వర్తిస్తుంది. ఒక మందును పరీక్షిస్తూ రక్తపోటు, నిద్ర, బరువు మొదలైన ఇరవై అంశాలను కొలిచి, అనుకూలంగా వచ్చిన ఒక్కదానినే ప్రకటిస్తే, పనికిరాని మందు కూడా గుణమిచ్చినట్లే కనిపిస్తుంది. ఆ నష్టాన్ని భరించేది రోగి.

అందుకే ఎంతమందిని చేర్చుకుంటారు, ఏ ఫలితాన్ని ప్రధానంగా కొలుస్తారు, లెక్క ఏ పద్ధతిలో కడతారు అన్న వివరాలను ముందుగానే బహిరంగంగా నమోదు చేసే విధానం ఏర్పడింది. తరువాత చేసిన మార్పులు దాగవు.

అమెరికా జాతీయ సంస్థ నిధులతో హృద్రోగాలపై జరిగిన పెద్ద పరీక్షలను 2015లో ఇద్దరు పరిశోధకులు పరిశీలించారు. 2000కు ముందరి 30 పరీక్షలలో 17 మేలు చూపగా, తరువాతి 25లో రెండే చూపాయి. ఈ మార్పునకు ముందస్తు నమోదుతో గట్టి సంబంధం ఉన్నదని వారు తేల్చారు. అదే ఏడాది మనోవిజ్ఞానంలో 100 అధ్యయనాలను తిరిగి జరిపితే, సుమారు 36 శాతమే మళ్ళీ స్పష్టమైన ఫలితమిచ్చాయి.

భారతదేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 జూలైలో ప్రారంభమైంది. ఔషధ పరీక్షలకు 2009 జూన్ 15 నుండి నమోదు తప్పనిసరి అయింది. 2018 ఏప్రిల్ 1 నుండి, మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే నమోదైన పరీక్షలనే రిజిస్ట్రీ స్వీకరిస్తున్నది.

కనుక పరీక్షలో చేరమని ఎవరైనా కోరితే, ముందుగా నమోదు సంఖ్య అడగాలి. వివరాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఏ రాష్ట్రంలో నివసించినా, సమ్మతి పత్రం తనకు అర్థమయ్యే భాషలో పొందడం ఆ వ్యక్తి హక్కు. చదవకుండా సంతకం చేయరాదు.