ఫలక్‌నుమా సౌధము - దాని యతిథులు

హైదరాబాదు నగరమున, చార్మినారునకు దక్షిణముగా సుమారు మూఁడుమైళ్ల దూరమున నొక గుట్టమీఁద ఫలక్‌నుమా సౌధము కలదు. కోస్తాజిల్లాలవారిలో ననేకులకీ పేరు సౌధమువలనఁ గాక, సికిందరాబాదునుండి హౌరాకుఁ బోవు రైలుబండివలనఁ బరిచితము.

ఈ నామమునకు ‘ఆకాశదర్పణ’మని జనులు సాధారణముగా నర్థము చెప్పుదురు. అది మనోహరమేకాని శబ్దమునకు సరిపడదు. ‘ఫలక్’ అరబ్బీపదము, ఆకాశమని యర్థము. ‘నుమా’ పారసీకమున ‘నుమూదన్’ అను క్రియనుండి పుట్టినది. ఆ క్రియకుఁ జూపుట, కనఁబడుట యని రెండర్థములు గలవు. దిక్సూచిని ‘కుతుబ్‌నుమా’ యందురు; ధ్రువమును జూపునదని భావము. ‘ఖుష్‌నుమా’ యనఁగా నింపుగాఁ గనఁబడునది. అద్దమునకుఁ బారసీకమున ‘ఆయీనా’ యను వేఱుమాట యున్నది. ఈ సమాసమున నది లేదు. కావున ఆకాశమును జూపునది, ఆకాశమువలెఁ గనఁబడునది యను రెండర్థములే సాధువులు. మేడమీఁద నిలిచి చూచువారికి మొదటిది తగును. గుట్టక్రిందినుండి చూచువారికి రెండవది.

దీనిని గట్టించినవాఁడు పైగావంశీయుఁడగు నవాబు సర్ వికారుల్ ఉమ్రా. ఈయన యాఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖానునకు బావగారు. 1893 మొదలు 1901 వఱకు హైదరాబాదు రాజ్యమునకుఁ బ్రధానమంత్రి. 1884 మార్చి 3వ తేదీన శంకుస్థాపన జరిగినది. ఇటలీదేశపు పాలఱాయి, పాశ్చాత్యపద్ధతి స్తంభములు, వెనిస్ నగరపు దీపగుచ్ఛములు నిందుఁ గూర్పఁబడినవి. సౌధము తేలు ఆకారమున నున్నదందురు. ఇంతటి నిర్మాణము ప్రభుబంధువునకైనను బరువయ్యెను. కట్టించినవాఁడు ఋణభారమున మునిఁగెననియు, నిజాము దానిని మెచ్చి కొన్నాళ్లు బసచేసిన పిమ్మట, 1897 ప్రాంతమున నది యాయన వశమయ్యెననియుఁ జెప్పుదురు. ఆతిథ్యమునకై గృహస్థుఁడిచ్చిన గదులు గృహముతోఁ గూడ నతిథి వశమగుట యరుదైన విషయము. ఆ నిజామీ సౌధముననే 1911లో మృతినొందెను.

ఏడవ నిజాము కాలమున నిది రాజ్యాతిథులకు విడిది. అంతకుముందే 1906లో, యువరాజుగానున్న ఐదవ జార్జి యిచట బసచేసెను. ఒక్కపంక్తిని 101 మంది భుజింపఁదగిన బల్ల యీ విడిదియొక్క పరిమాణమును దెలుపుచున్నది. 1951లో వచ్చిన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారితో నీ యతిథిపరంపర ముగిసినదందురు. తరువాత దాదాపు ఐదుదశాబ్దములు తలుపులు మూయఁబడియుండెను. వాడుకలేని యింటిని చెదయు వాననీరును వాడుకొనును.

2000 సంవత్సరప్రాంతమున, ముకర్రంజాగారి పూర్వభార్యయగు ఎస్రా రాకుమారిగారి పర్యవేక్షణమునఁ బునరుద్ధరణము సాగెను. తాజ్ హోటళ్ల సంస్థ సౌధమును గౌలునకుఁ గైకొని, పదియేండ్ల పని పిమ్మట 2010 నవంబరులో 60 గదుల విలాసవసతిగృహముగాఁ దెఱచెను. ఇట్టిపనిలోఁ గష్టమైనది క్రొత్తదానిని జేర్చుట కాదు. పాతదాని నెంతవఱకు మార్పవలెనో నిర్ణయించుట. నీటిగొట్టములు, విద్యుత్తు, శీతలయంత్రములు లేనిదే నేఁటి బాటసారి యుండఁడు; అవి కన్నులఁబడినచోఁ బాతరూపు చెడును. నిజాము ఆస్థానచ్ఛాయాచిత్రకారుఁడగు రాజా దీనదయాళుని చిత్రములు నిలిచియున్నవి గనుక, ప్రాఁతగదుల యలంకరణమును నేఁటిదానితోఁ బోల్చిచూచుటకు విమర్శకునకు వీలు గలదు. ఇట్టి యాధారము మన ప్రాచీనసౌధములలో మిక్కిలి కొన్నింటికే దొరకును.

ఇట్టి గృహమును దెలుఁగున నేమనవలెను? ‘అతిథి’ శబ్దమునకుఁ దిథినియమము లేనివాఁడని పెద్దలు వ్యుత్పత్తి చెప్పిరి. నేఁడు ఫలక్‌నుమాకు వచ్చువాఁడు తిథిని, రాత్రుల సంఖ్యను ముందుగా లెక్కపుస్తకమున వ్రాయించి, మూల్యము చెల్లించి వచ్చును. ఆ మాట వానికిఁ బొసఁగదు. ధర్మార్థము నడచునది సత్రము; సొమ్ము పుచ్చుకొని యన్నము పెట్టునది పూటకూళ్లయిల్లు. ఈ రెండవది హీనమని యెవ్వరు నెంచనక్కఱలేదు. ఓరుగంటి పూటకూళ్లయింట రూకకు దొరకు భోజనమును క్రీడాభిరామము వర్ణించినది. ఏడవ నిజాము విడిదియు సత్రము కాదు. అచటి ఖర్చు రాజ్యపు బొక్కసమునుండియే, అనఁగా రైతుల పన్నునుండియే వచ్చినది. నేఁడు బసచేయువాఁడే యిచ్చుచున్నాఁడు. ఈ దృష్టితోఁ జూచిన మార్పు దూష్యము కాదు. వర్తకము చేయూఁతనీయనిచో నీ గోడలు నిలిచియుండునని చెప్పుటయుఁ గష్టము.

అయినను విద్వాంసుల కొకకొఱత యున్నది. సౌధమున నొక గ్రంథాలయము కలదు. ఇంగ్లాండులోని విండ్సరు కోట గ్రంథాలయము నమూనాగా దానిని దీర్చిరందురు. పునరుద్ధరణమున బీరువాలు, చెక్కడపుఁ గప్పు మెఱుఁగు పొందినవి. వసతిగృహమునఁ బుస్తకము గదియలంకారములో నొకభాగమగును. చేతఁబట్టి చదువువాఁడు, దానిని వెదకివచ్చువాఁడు, గదియద్దె నిచ్చువాఁడు నొక్కఁడే యగుట యరుదు. బల్లలను, దీపములను యాత్రికుఁడు కనులతోఁ జూచి తృప్తుఁడగును. గ్రంథమునకది చాలదు. సౌధమును గాపాడినవారు, గది తీసికొనని పండితునకుఁ గూడ నా బీరువాలు తెఱచుటకు వారమున కొకపూఁటనైన నేర్పఱచిన, గౌలునకుఁ గాని వర్తకమునకుఁ గాని నష్టము రాదు.