మూత్రం ఆపుకోలేకపోవడం: అపోహలు – వాస్తవాలు

ప్రమేయం లేకుండా మూత్రం పడిపోవడం, అది ఒక్క చుక్కైనా సరే, వైద్యులకు చూపించాల్సిన లక్షణమే. మూత్రాశయం నిండుతున్నంతసేపూ దాని గోడలోని కండరం వదులుగా ఉండాలి, కింద మూత్రమార్గం చుట్టూ ఉన్న కండరాలు బిగిసి ఉండాలి. విసర్జన వేళ ఇది తిరగబడాలి. ఈ పొందిక ఎక్కడ తప్పిందన్నదాన్ని బట్టి సమస్య రకం మారుతుంది. దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా పడితే అది పొట్టలో ఒత్తిడి పెరగడం వల్ల జారే రకం. ఉన్నట్టుండి ఆత్రం తన్నుకొచ్చి బాత్రూం చేరేలోపే పడిపోతే ఆత్రపు రకం. ఈ రెండూ కలిసి ఉండేవారూ చాలామందే. మూత్రాశయం ఖాళీ కాక, నిండి పొర్లేది మరో రకం. మూత్రాశయం బాగానే ఉన్నా మోకాళ్ల నొప్పుల వల్లో, మతిమరుపు వల్లో సమయానికి వెళ్లలేకపోవడం ఇంకో రకం. ఒకరికి పనిచేసిన వైద్యం మరొకరికి పనిచేయకపోవడానికి కారణం ఈ తేడాలే.

అపోహ: కాన్పులైనవాళ్లకు, వయసు మీదపడినవాళ్లకు ఇది మామూలే, సర్దుకుపోవాలి.

వాస్తవం: ఎక్కువమందిలో కనిపించినంత మాత్రాన మామూలైపోదు. కాన్పు సమయంలో మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కటి కండరాలు సాగి బలహీనపడతాయి. ముట్లు ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి మూత్రమార్గపు పొర పలుచబడుతుంది. అధిక బరువు, పాత దగ్గు, మలబద్ధకం ఆ కండరాల మీద రోజూ భారం మోపుతాయి. వీటిలో చాలావాటిని సరిచేయవచ్చు. బరువు ఎక్కువున్నవారు 5 నుంచి 10 శాతం తగ్గినా మూత్రం జారడం తగ్గుతుంది.

అపోహ: నీళ్లు తాగడం తగ్గిస్తే సమస్య పోతుంది.

వాస్తవం: హైదరాబాద్‌లోని నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో షిఫ్టుల్లో పనిచేసే మహిళలకు ఈ ఆలోచన రావడం సహజం. లైను వదిలి వెళ్లడం ఇబ్బంది, బాత్రూం శుభ్రంగా ఉండదు. అందుకే పొద్దున తాగిన టీ తప్ప మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లయినా ముట్టరు. దాంతో మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని రేపుతుంది, ఆత్రం ఇంకా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్‌కు, మలబద్ధకానికి, వేసవిలో కిడ్నీ రాళ్లకు కూడా అవకాశం పెరుగుతుంది. సాధారణంగా పెద్దలకు రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు అవసరం. ఎండలోనో, ఇస్త్రీ వేడి దగ్గరో పనిచేసేవారికి ఇంకా ఎక్కువే కావాలి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. తగ్గించాల్సింది టీ, కాఫీలు, పడుకునే ముందు రెండు గంటల్లో తాగే నీళ్లు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం వైద్యులు చెప్పిన కొలతే పాటించాలి. కార్మికులు పనివేళల్లో ఎప్పుడైనా వాడుకోగలిగేలా, అందుబాటులో మరుగుదొడ్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షనే చెప్పింది. కాబట్టి బాత్రూంకు వెళ్లడం సూపర్‌వైజర్ దయ కాదు, కార్మికుల హక్కు.

అపోహ: రాకపోయినా ముందుజాగ్రత్తగా వెళ్లి రావడం మంచిది.

వాస్తవం: ఉప్పల్ రింగురోడ్డులో వరంగల్ బస్సో, యాదగిరిగుట్ట బస్సో ఎక్కేముందు ఒకసారి వెళ్లడంలో తప్పులేదు. కానీ ఇంట్లో ఉన్నా అరగంటకోసారి వెళ్లడం అలవాటైతే, మూత్రాశయం కొద్దిపాటి మూత్రానికే తొందరపెట్టడం నేర్చుకుంటుంది. ఆరోగ్యవంతుల మూత్రాశయంలో 400 మిల్లీలీటర్ల వరకూ ఇబ్బంది లేకుండా నిలుస్తుంది. పగలు ఏడెనిమిది సార్లు వెళ్లడం సహజం. ఆత్రపు రకానికి మొదటి వైద్యం మూత్రాశయానికి మళ్లీ ఓర్పు నేర్పడమే. ఆత్రం రాగానే పరుగెత్తకుండా నిలబడిపోయి లేదా కూర్చుని, కటి కండరాలను ఐదారుసార్లు చకచకా బిగించి వదిలితే ఆత్రం సద్దుమణుగుతుంది. అప్పుడు నెమ్మదిగా నడిచి వెళ్లాలి. రెండు విసర్జనల మధ్య వ్యవధిని కొద్ది రోజులకోసారి పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఫలితం తెలియడానికి కనీసం ఆరు వారాలు పడుతుంది. అలాగని గంటల తరబడి బిగబట్టడమూ మంచిది కాదు.

అపోహ: గర్భసంచి తీయించుకుంటే ఈ బాధ తీరుతుంది.

వాస్తవం: తెలుగు రాష్ట్రాల్లో ఈ అపోహ చేసే కీడు ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సగటున 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఆ ఆపరేషన్లకు కారణాలు వేరువేరు. అయితే మూత్రం జారడానికి అది చికిత్స కాదు. గర్భసంచి, మూత్రాశయం పక్కపక్కనే ఉంటాయి; ఆపరేషన్ తర్వాత కొందరిలో మూత్రం జారడం కొత్తగా మొదలవుతుంది కూడా. గర్భసంచి కిందికి జారినప్పుడు దానికి వేరే చికిత్స ఉంది, తీసేయడం ఒక్కటే దారి కాదు. కష్టమైన కాన్పు తర్వాత గానీ, గర్భసంచి ఆపరేషన్ తర్వాత గానీ రాత్రింబవళ్లు ధారగా కారుతుంటే మూత్రాశయానికి, యోనికి మధ్య రంధ్రం పడి ఉండవచ్చు. దాన్ని ఆపరేషన్‌తో మూసేస్తారు.

అపోహ: ఇది ఆడవాళ్ల సమస్య.

వాస్తవం: మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారి ఇరుకైతే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. ధార సన్నగిల్లడం, రాత్రిళ్లు పదేపదే లేవడం, చివర్లో చుక్కలు పడటం దాని గుర్తులు. పూర్తిగా నిండిపోతే పొర్లి కారుతుంది. చూసేవారికి మూత్రం బాగానే వస్తున్నట్టు ఉన్నా లోపల కిడ్నీల మీద ఒత్తిడి పెరుగుతుంటుంది. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మూత్రం ఆగకపోవడమూ ఉంటుంది. ఆడవారిలోనైనా, మగవారిలోనైనా షుగరు అదుపు తప్పితే మూత్రం ఎక్కువగా తయారవుతుంది, ఏళ్లు గడిచాక మూత్రాశయపు నరాలూ దెబ్బతింటాయి.

అపోహ: వ్యాయామాలతో ఒరిగేదేమీ లేదు.

వాస్తవం: అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కీగల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన కటి కండరాల వ్యాయామమే దగ్గితే జారే రకానికి నేటికీ మొదటి వైద్యం. అది విఫలమవడానికి కారణం చాలాసార్లు తప్పు కండరాన్ని బిగించడం లేదా పదిరోజులకే మానేయడం. గ్యాసు, మూత్రం రెండూ ఒకేసారి ఆపుతున్నట్టు లోపలికి, పైకి లాగితే బిగిసేదే అసలు కండరం. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. ఐదు నుంచి పది సెకన్లు బిగించి, అంతేసేపు వదులుగా ఉంచాలి. ఒక విడతకు ఎనిమిది, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు చేయాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకూడదు. కండరం పట్టుబడ్డాక దగ్గు, తుమ్ము వచ్చే క్షణానికి ముందే బిగించడం అలవాటు చేసుకుంటే వెంటనే తేడా తెలుస్తుంది. కండరం దొరకనివారికి ఫిజియోథెరపిస్టు నేర్పుతారు.

అపోహ: మెడికల్ షాపులో మాత్ర వేసుకుంటే చాలు.

వాస్తవం: ఇన్ఫెక్షన్ ఉంటేనే యాంటీబయాటిక్ పనిచేస్తుంది. ఆత్రాన్ని తగ్గించే సోలిఫెనసిన్ వంటి మందులు నోరు ఎండబెడతాయి, మలబద్ధకం తెస్తాయి, వృద్ధుల్లో తికమక కలిగించవచ్చు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కానివారిలో మూత్రం మొత్తంగా ఆగిపోయే ప్రమాదమూ ఉంది. మిరాబెగ్రాన్ వాడేవారు బీపీ చూపించుకోవాలి. కొన్ని బీపీ మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మాత్రలు మూత్రాన్ని పెంచుతాయి. వాటిని సొంతంగా మానేయకుండా వేళ మార్చవచ్చేమో డాక్టరును అడగాలి. మూత్రమార్గం కింద పట్టీ వేసే ఆపరేషన్ దగ్గితే జారే రకానికే పనికొస్తుంది. ప్యాడ్లు బట్టలు కాపాడతాయి, జబ్బును తగ్గించవు. ఇంట్లో పెద్దవారికి రాత్రి దీపం, గోడకు పట్టుకునే కడ్డీ, వెస్ట్రన్ కమోడ్, తేలిగ్గా విప్పుకునే బట్టలు ఒక్కోసారి మందుకంటే ఎక్కువ పనిచేస్తాయి.

వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలి

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మూడు రోజుల లెక్క రాసుకోవాలి: ఎప్పుడు ఎంత తాగారు, ఎప్పుడు ఎన్ని మిల్లీలీటర్లు పోశారు, ఎప్పుడు, ఏం చేస్తుండగా పడింది. కొలతకు పాత ప్లాస్టిక్ మగ్గు మీద గీతలు పెట్టుకుంటే సరిపోతుంది. ప్రతిసారీ 80, 100 మిల్లీలీటర్లే ఉంటే కారణం ఒకటి. రాత్రిపూట మూత్రమే ఎక్కువగా ఉంటే కారణం వేరు. తర్వాత మూత్ర, షుగరు పరీక్షలు, విసర్జన తర్వాత ఎంత మిగిలిందో చూసే స్కాన్ చేస్తారు. హైదరాబాద్‌లో 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో మొదటి పరీక్షలు ఉచితం. ఈఎస్ఐ కార్డున్న కార్మికులకు, వారి మీద ఆధారపడిన కుటుంబసభ్యులకు నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. నిపుణుల అవసరం పడితే గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో, నిమ్స్‌లో యూరాలజీ విభాగాలున్నాయి. మూత్రంలో రక్తం పడితే త్వరగా చూపించుకోవాలి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, జ్వరంతో పాటు నడుము పక్కల నొప్పి వచ్చినా, మూత్రం ఆగకపోవడంతో పాటు కాళ్లు బలహీనపడి తొడల మధ్య తిమ్మిరెక్కినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.