నడకకు వెళ్ళేటప్పుడు చేతిలో ఏముండాలి?



మన ఆసుపత్రికి వచ్చే షుగరు, బి.పి. రోగులకు డాక్టర్లు మందులతోపాటు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: రోజుకు అరగంట చొప్పున వారానికి కనీసం 5 రోజులు నడవండి అని. మరుసటి నెల చూపించుకోవడానికి వచ్చినప్పుడు "నడుస్తున్నారా?" అని అడిగితే చాలామంది తల వంచుకుంటారు. "కుక్కలు మీద పడుతున్నాయి సిస్టర్ గారూ" అని కొందరు, "తెల్లవారుజామున కాలవ కట్ట మీద పాముల భయం" అని కొందరు చెబుతారు. ఆడవాళ్ళయితే మెడలోని గొలుసు పట్టుకుని "రోజులు బాగాలేవమ్మా" అంటారు. ట్యూషన్ నుంచి, కాలేజీ బస్సు దిగి చీకటిపడ్డాక ఇంటికి వచ్చే ఆడపిల్లల తల్లులకు వేరే దిగులు.

ఇవి వంకలు కావు. నిజమైన భయాలే. కానీ భయపడి మనం ఇంట్లో కూర్చున్నంత మాత్రాన షుగరు తగ్గదు కదా! అందుకని నడక మానకుండా, జాగ్రత్తగా నడవడానికి చేతిలో ఏం పట్టుకెళ్ళాలో, ఏది పట్టుకెళ్ళకూడదో ఈ సంచికలో తెలుసుకుందాం.

దేవుని మీద నమ్మకం ఉన్నవారికి కర్ర ఎందుకని కొందరు అడగవచ్చు. 23వ కీర్తనలోని కాపరి చేతిలో కర్ర ఉంది. నెహెమ్యా యెరూషలేము గోడ కడుతున్నప్పుడు శత్రువులు వస్తారని తెలిసి ప్రార్థన చేశాడు, కావలివారిని కూడా పెట్టాడు. ప్రార్థన, జాగ్రత్త రెండూ కలిసే నడవాలి.

ముందు ప్రమాదం ఏమిటో తెలుసుకోండి

మన కొల్లూరు ప్రాంతంలో నడిచేవారికి ఎదురయ్యే ప్రమాదాలు నాలుగు: వాహనాలు, కుక్కలు, పాములు, దొంగలు లేక అల్లరి మూకలు. చాలామంది నాలుగోదాని గురించే ఎక్కువ భయపడతారు. కానీ 2022లో మన దేశంలో రోడ్డు మీద నడుస్తూ వాహనాల కిందపడి చనిపోయినవారు 32 వేలకు పైగా ఉన్నారు. పాముకాటు సంగతి చూడండి. 2000 నుంచి 2019 వరకు సగటున ఏడాదికి 58 వేలమంది పాముకాటుతో చనిపోయారని పరిశోధకులు లెక్క కట్టారు. ఎక్కువ నష్టం జరిగిన రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అంటే మనకు ముందు కావలసింది ఆయుధం కాదు, వెలుతురు.

1. టార్చిలైటు

నా లెక్కలో మొదటి స్థానం దీనికే. కట్లపాము ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది. రక్తపింజరి చేలగట్ల మీద, గడ్డి వాముల దగ్గర, ఎలుకలు ఉన్నచోట కదలకుండా పడి ఉంటుంది. ఎక్కువగా మనం తొక్కినప్పుడే కరుస్తుంది. టార్చి ఉంటే తొక్కే పరిస్థితి రాదు. ఎదురుగా వచ్చే లారీవాడికి, ట్రాక్టరువాడికి కూడా మనం కనిపిస్తాం. సెల్‌ఫోనులోని లైటు మీద ఆధారపడకండి. ఛార్జింగు అయిపోతే లైటూ పోతుంది, ఫోనూ పోతుంది.

టార్చితోపాటు లేతరంగు బట్టలు వేసుకోండి. రోడ్డుకు కుడిపక్కన, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా నడవండి. నలుగురు కలిసి వెళితే వరసగా ఒకరి వెనుక ఒకరు నడవాలి గాని, రోడ్డుకు అడ్డంగా కబుర్లు చెప్పుకుంటూ నడవకూడదు.

2. చేతికర్ర

కర్రసాము మన తెలుగువారి పాత విద్య. అయితే ఇక్కడ చెప్పేది సాము కోసం కాదు. కర్రకు నాలుగు పనులున్నాయి. మోకాళ్ళ నొప్పులవారికి ఆసరా. ముందు నేల మీద తట్టుకుంటూ వెళితే ఆ అదురుకు చాలా పాములు పక్కకు తప్పుకుంటాయి. కుక్కకు, మనకు మధ్య అడ్డుగా ఉంటుంది. చేతిలో కర్ర ఉన్న మనిషి జోలికి రావడానికి ఎవరైనా కాస్త ఆలోచిస్తారు.

ఆసరా కోసం వాడే కర్ర ఎత్తుకు ఒక కొలత ఉంది. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే, మణికట్టు దగ్గరకు కర్ర పిడి రావాలి. కింద రబ్బరు బుడిపె ఉండాలి, లేకపోతే సిమెంటు రోడ్డు మీద జారుతుంది. బరువైన ఇనుప గొట్టాలు వద్దు. వానాకాలంలో పొడుగాటి గొడుగు ఈ పనులన్నీ చేస్తుంది.

కుక్క మీదికి వస్తే కర్ర ఎత్తి వెంటపడకండి, పరుగెత్తకండి. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం. కదలకుండా నిలబడి, దాని కళ్ళలోకి చూడకుండా, కర్రను అడ్డుగా పెట్టి నెమ్మదిగా వెనక్కి జరగండి. కింద పడిపోతే ముడుచుకుని చేతులతో మెడను, ముఖాన్ని కప్పుకోండి. పిల్లలు పెట్టిన కుక్క ఉన్న వీధి కొన్నాళ్ళు మానేయండి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు కుక్కల గుంపుకు బలైపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. చిన్నపిల్లలను ఒంటరిగా అంగడికి పంపకండి.

ఒక్కొక్కరం కర్ర పట్టుకోవడంతో సమస్య తీరదు. వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించవలసిన బాధ్యత పంచాయతీలు, మునిసిపాలిటీలదని 2023 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. పదిమంది సంతకాలతో ఒక అర్జీ ఇస్తే అడిగినట్టు ఉంటుంది.

3. ఈల

పిల్లల ఆటవస్తువుల దుకాణంలో దొరికే చిన్న ఈల ఇది. భయంలో గొంతు పెగలదు. కానీ ఊపిరి ఉంటే చాలు, ఈల మోగుతుంది. దాన్ని తాళంచెవుల గుత్తికి కట్టుకోండి. మెడలో తాడుతో వేసుకోవద్దు, ఎవరైనా పట్టి లాగితే అదే ప్రమాదం. అరటి తోటల మధ్య దారిలో పడిపోయినా, కాలు విరిగినా ఈల విని ఎవరో ఒకరు వస్తారు. కాలేజీ పిల్లలకు, ముసలివారికి కూడా ఇది పనికొస్తుంది.

4. సెల్‌ఫోను

ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108, స్త్రీలకు సహాయం కోసం 181. ఈ మూడు నంబర్లు ఇంట్లో అందరికీ నోటికి రావాలి. మన రాష్ట్ర పోలీసులు 2020లో దిశ యాప్ తెచ్చారు. 2025 మార్చి 8న మహిళా దినోత్సవం నాడు శక్తి యాప్‌ను ప్రారంభించారు. ఆడపిల్లల ఫోనులో దాన్ని పెట్టించి, ఎలా వాడాలో ఇంట్లోనే ఒకసారి చూపించండి. బటన్ ఫోన్లలో 5 లేక 9 అంకెను అదిమి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్ళే ఏర్పాటు ఉండాలని 2017 నుంచి నిబంధన ఉంది. మీ ఫోనులో ఆ సదుపాయం ఉందో లేదో షాపులో అడిగి తెలుసుకోండి.

చెవుల్లో పాటలు పెట్టుకుని నడవకండి. వెనుక వచ్చే బండి, కుక్క, మనిషి ఏదీ వినపడదు.

5. పెప్పర్ స్ప్రే, కారం పొట్లం

పెప్పర్ అంటే మిరియాలని అనుకుంటారు గాని, ఆ స్ప్రేలో ఉండేది మన మిరపకాయ ఘాటే. ఉమ్మడి గుంటూరు జిల్లా మనుషులకు దాని సంగతి వేరే చెప్పనక్కరలేదు! ఇది కళ్ళను మూయిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది, పారిపోవడానికి కాస్త సమయం ఇస్తుంది. కానీ ఎవరి మీద కొడతామో వారి మీదే ఆగదు. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు రోజున లోక్‌సభలో విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టినప్పుడు సభ అంతా దగ్గులతో, కళ్ళ మంటలతో బయటికి పరుగెత్తింది. కొందరు సభ్యులను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూసిన గదిలో, ఆటోలో, బస్సులో కొడితే మనకూ అంతే. ఎదురుగాలిలో కొడితే ముందు మన కళ్ళే పోతాయి.

కొనదలచుకుంటే గడువు తేదీ చూసి కొనండి. హ్యాండ్ బ్యాగు అడుగున పెట్టకండి, చేతికందేచోట ఉండాలి. పిల్లలకు అందనివ్వకండి. ఉబ్బసం ఉన్నవారు ఇంట్లో ఉంటే మరీ జాగ్రత్త. ఆపద లేనప్పుడు, తగాదాలో వాడితే అది నేరం. 2024లో ఒక కేసులో కర్ణాటక హైకోర్టు పెప్పర్ స్ప్రేను ప్రమాదకరమైన ఆయుధంగానే పరిగణించింది.

కారం పొట్లం మాత్రం వద్దు. పొట్లం విప్పేలోగా సమయం మించిపోతుంది. గాలికి ఎటు పోతుందో తెలియదు. ఆ పొడి రేణువులు కంటి నల్లగుడ్డును గీసి గాయం చేస్తాయి. కారంగాని స్ప్రేగాని కంట్లో పడితే నలపకుండా, మంచినీటితో 15 నుంచి 20 నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి రండి.

6. కత్తి వద్దు

చాకు పెట్టుకుంటే ధైర్యమని కొందరు మగపిల్లలు, ఆడపిల్లలు కూడా అనుకుంటున్నారు. చెయ్యి తిరగనివారి చేతిలోని కత్తిని ఎదుటివాడు లాక్కోవడం సులభం. ఆ తరువాత అది ఎవరికి తగులుతుందో చెప్పలేం. పైగా ఒక్క పోటుతో ప్రాణం పోవచ్చు.

చట్టం మనకు ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దీని గురించే. అయితే కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే ఆ హక్కు. ఎదుటివాడు పారిపోతుంటే వెంటపడి కొట్టడం ఆత్మరక్షణ కాదు.

7. ఇంట్లో వదిలి వెళ్ళవలసినవి

గొలుసు, నల్లపూసలు, గాజులు ఇంట్లో పెట్టి వెళ్ళండి. పుస్తెలు తీయడం ఇష్టంలేనివారు పసుపుతాడుకు కట్టుకుని, పైట నిండా కప్పుకోండి. ఎవడైనా బండి మీద వచ్చి గొలుసు పట్టుకుంటే పెనుగులాడకండి, వదిలేయండి. అరవై ఏళ్ళ మనిషి రోడ్డు మీద పడితే తుంటి ఎముక విరుగుతుంది, నెలల తరబడి మంచం మీదే. బంగారం మళ్ళీ కొనుక్కోవచ్చు. వెంటనే 112కు చెప్పి, బండి రంగు, వెళ్ళిన దిక్కు గుర్తు పెట్టుకుంటే చాలు.

8. షుగరు రోగుల జేబులో

ప్రమాదం ఎప్పుడూ బయటినుంచే రాదు. ఇన్సులిన్‌గాని, షుగరు మాత్రలుగాని వేసుకునేవారికి నడుస్తుండగా షుగరు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, మాట తడబడటం దాని గుర్తులు. జేబులో గ్లూకోజు పొడిగాని పంచదారగాని మూడు చెంచాలంత ఉంచుకోండి. గుర్తులు కనిపించగానే కూర్చుని తినండి. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్ళీ తిని, తోడుకు ఎవరినైనా పిలవండి. ఒక చిన్న అట్టముక్క మీద పేరు, ఇంటివారి ఫోను నంబరు, జబ్బు, వాడే మందులు రాసి పెట్టుకోండి. కాళ్ళకు వేళ్ళు కప్పే చెప్పులుగాని బూట్లుగాని వేసుకోండి. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

ఇంత జాగ్రత్తపడినా కాటు పడితే

కుక్క కరిస్తే: గాయాన్ని వెంటనే సబ్బుతో, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడగండి. ఇది సగం వైద్యం. దుగ్గిరాల పసుపు ఎంత పేరున్నదైనా గాయానికి పనికిరాదు. కారం, సున్నం, కాఫీపొడి కూడా వద్దు. గాయానికి కట్టు కట్టకుండా ఆసుపత్రికి రండి. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లనే భయం పెద్దవారిలో ఇంకా ఉంది. 2005 నుంచి ఆ పాత మందు మన దేశంలో వాడటం లేదు. ఇప్పుడు చేతికే వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తరువాత 3, 7, 28వ రోజులలో ఉచితంగా వేస్తారు. చర్మం తెగి రక్తం వస్తే గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. రెండు డోసులతో మానేయకండి. రేబిస్ లక్షణాలు కనిపించాక బతికించుకోవడం దాదాపు అసాధ్యం.

పాము కరిస్తే: తాడు బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. మంత్రగాడి దగ్గరకు వద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేసి, కాలిని బద్దకట్టి కదలకుండా ఉంచి, నడిపించకుండా 108లోగాని దొరికిన బండిలోగాని తీసుకురండి. పామును పట్టుకోవడానికి ఆలస్యం చేయవద్దు. విరుగుడు ఇంజక్షన్ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో, తెనాలి జిల్లా ఆసుపత్రిలో ఉచితం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చి లంకలు మునిగాయి. అలా వరద తీసిన తరువాత కొన్ని వారాలపాటు ఇళ్ళలోకే పాములు చేరతాయి. ఆ రోజులలో పగలు కూడా కర్రతో తట్టి అడుగు వేయండి.

చివరిగా ఒక మాట

పైన చెప్పినవాటిలో ఏదీ మనిషి తోడుకు సాటిరాదు. మన సంఘంలో ఒకే వీధిలో ఉండే నలుగురు షుగరు రోగులు ఒక వేళ అనుకుని కలిసి బయలుదేరితే కుక్క భయం సగం, దొంగ భయం ముప్పాతిక తగ్గుతుంది. రాని మనిషి తలుపు తట్టడానికి ముగ్గురుంటారు గనుక నడక మానడం కూడా ఉండదు. ఒంటరిగా ఉన్న పెద్దమ్మలను, పెదనాన్నలను యౌవనస్థులు తమతో తీసుకువెళ్ళండి. స్త్రీల సమాజం కూటంలో ఈ సంగతి మాట్లాడుకుని, ఏ వీధివారు ఏ వేళకు బయలుదేరాలో పేర్లు రాసుకోండి.

ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో కర్ర, జేబులో ఈల, ఫోను, గ్లూకోజు, పక్కన ఒక తోడు. ఇంతే. ఇంతకన్నా ఖర్చయ్యేది ఏదీ అవసరం లేదు. వచ్చే నెల చూపించుకోవడానికి వచ్చినప్పుడు "నడుస్తున్నారా?" అని మళ్ళీ అడుగుతాం. మీ రాకపోకలయందు ప్రభువు మిమ్మల్ని కాపాడును గాక. ఆమేన్.

- నర్సింగ్ సూపరింటెండెంట్