పాత చిరునామాలు

మన రావివలస ప్రాంతపు పాత దస్తావేజులలో 'గంజాం జిల్లా' యని యుండును. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు ఈ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలో చేరెను. 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడెను. ఊరు కదలలేదు. పాత జిల్లా పేరుతో ఉత్తరము వచ్చినను తపాలా బంట్రోతు ఊరిపేరు చూచి తెచ్చి యిచ్చును. కంప్యూటరున కట్టి లౌక్యము లేదు.

ఫెడోరా, డెబియన్ మున్నగు లినక్స్ ఆపరేటింగ్ సిస్టములు వేలకొలది సాఫ్టువేరు భాగముల కూర్పులు. ప్రతి భాగమునకు ఒక నిర్మాణపు ఫైలుండును. భాగము పేరేమి, ఎన్నవ కూర్పు, మూలప్రతి ఎచ్చట దొరకును, దానిని ఏ వరుసలో కూర్పవలెను అను సంగతు లందుండును. వంటసామగ్రి చీటీలో అంగడి పేరు కూడ వ్రాసినట్లనుకొనుడు. ఆ అంగడి మూసివేసినచో?

తెలుగు అక్షరముల నిచ్చు 'లోహిత్ తెలుగు' ఫాంటునకు అట్లే జరిగినది. దాని మూలప్రతి ఫెడోరాహోస్టెడ్ అను తావున నుండెడిది. ఆ తావు 2017లో మూతపడెను. పని పగూర్ అను తావునకు తరలెను. (పగూర్ అనగా ఫ్రెంచి భాషలో, ఖాళీ గుల్లలలో దూరి కాపురముండు పీత. ఉద్దానపు తీరమున పిల్లలు దానిని చూచియే యుందురు.) డెబియన్ వారి అలియోత్ సైతము 2003లో వెలసి 2018లో మూతపడెను.

విచిత్ర మేమనగా, పాత చిరునామా వెంటనే బాధింపదు. కూర్చువారు మూలప్రతి నకలు నొకదానిని తమయొద్ద దాచుకొందురు. కావున పని సాగుచునే యుండును, తప్పు కంటబడదు. ఒక సంయుక్తాక్షరపు లోపము క్రొత్త తావున సవరింపబడిన దనుకొందము. క్రొత్త కూర్పులను కనిపెట్టు సాధనము మూతపడిన తలుపే తట్టుచుండును. ఇచ్చట చదువు బాలుడు తప్పు అక్షరమునే చూచుచుండును. ఇంకొక యపాయము గలదు: విడిచిన చిరునామాను అన్యుడు కొని వేరు సరకు పెట్టవచ్చును. ఫైలులో ముందే వ్రాసిన సరిచూపు సంఖ్యతో పోల్చినచో ఆ మోసము బయటపడును.

అట్లని పాతపేరు కనబడిన చోటనెల్ల చెరిపివేయుట మా మతము కాదు. మార్పుల చరిత్రలో అది యుండవలసినదే. పాత దస్తావేజులో గంజాం పేరును ఎవరు గీకివేయుదురు? మూలప్రతి చిరునామా యున్న పంక్తిని మాత్రమే మార్చవలెను. మార్చినవాడు క్రొత్త తావునుండి ప్రతిని దింపి, సంఖ్య సరిచూచి, ఒకసారి పూర్తిగా కూర్చి, 'క్ష్మ', 'స్త్ర' వంటి అక్షరములు తెరపై సరిగా నిలుచుచున్నవో లేదో చూడవలెను.