సరిహద్దులో సెల్‌ఫోను: ఏ టవరు? ఏ నియమం?



చెన్నై నుంచి గుమ్మిడిపూండి మీదుగా సూళ్ళూరుపేట వెళ్ళే లోకల్ రైలు మీలో చాలామందికి అలవాటైనదే. ఎళావూరు, ఆరంబాక్కం దాటి తడ స్టేషను సమీపించేసరికి జేబులో సెల్‌ఫోను ఒకసారి మోగుతుంది. తీసి చూస్తే ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం అంటూ ఒక సందేశం. రైల్లో ఉన్నవారికి ఇది సహజమే. కానీ సరిహద్దు ఊళ్ళలో ఇంటి అరుగు మీద కూర్చున్నవారికి కూడా అప్పుడప్పుడు ఇదే సందేశం వస్తుంది. మనిషి తమిళనాడులో ఉన్నాడు, ఫోను ఆంధ్రకు పోయింది! ఇది ఎలా జరుగుతుంది, దీనివల్ల మనకు లాభమా నష్టమా, ఈ వ్యవహారాన్ని అదుపులో పెట్టేది ఎవరు అనే విషయాలు ఈ రోజు చెప్పుకుందాం.

ముందుగా టవరు సంగతి. మీ చేతిలోని సెల్‌ఫోను ఒక చిన్న రేడియో. వినడమే కాదు, మాట్లాడడం కూడా చేతనైన రేడియో. ఒక్కొక్క టవరు తన చుట్టూ కొంత మేర తరంగాలను ప్రసరిస్తుంది. ఆ మేరకే సెల్ అని పేరు. సెల్‌ఫోను అనే మాట అందులోంచే పుట్టింది. తరంగాలకు సరిహద్దు రాళ్ళు కనిపించవు. ఈ ప్రసంగం ఏ రాష్ట్రం అని అడగకుండా మీ ఇంట్లోకి వచ్చినట్లే, తడ వైపు టవరు తరంగం ఆరంబాక్కంలోకి వస్తుంది. చెట్లూ కట్టడాలూ అడ్డులేని పులికాట్ సరస్సు నీటి మీద అది ఇంకొంచెం దూరం సాగుతుంది.

మీ సిమ్ ముందుగా తన సొంత నెట్‌వర్కు కోసమే వెతుకుతుంది. అది అందకపోతేనే పొరుగు నెట్‌వర్కును ఆశ్రయిస్తుంది. ఆ పొరుగు నెట్‌వర్కు మీ కంపెనీదే అయినా, పక్క రాష్ట్రపుదైతే లెక్కల్లో అది వేరే నెట్‌వర్కే. మీ ఫోను అక్కడ అతిథిగా నమోదవుతుంది. మీ ఇంటి రిజిస్టరుకు కబురు వెళుతుంది. దీనినే రోమింగ్ అంటారు.

ఒకే కంపెనీకి రెండు నెట్‌వర్కులు ఎందుకు? జవాబు లైసెన్సులో ఉంది. 1994 జాతీయ టెలికాం విధానం తర్వాత ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు సెల్‌ఫోను లైసెన్సులు ఇచ్చింది. దేశం మొత్తానికి ఒకటిగా కాక, ప్రాంతాలుగా విభజించి ఇచ్చింది. ఈ ప్రాంతాలనే సర్కిళ్ళు అంటాం. చాలామటుకు ఇవి రాష్ట్రాల సరిహద్దుల మీదనే గీసినవి. మహానగరాలకు వేరే సర్కిళ్ళు. చెన్నై సర్కిల్ నగరపు టెలిఫోను ప్రాంతంతో పాటు ఉత్తరాన మింజూరు, దక్షిణాన మహాబలిపురం ఎక్స్ఛేంజిల వరకే ఉండేది. అంటే చెన్నై నుంచి తడకు బయలుదేరిన మనిషి మింజూరు దాటగానే తమిళనాడు సర్కిల్లోకి, ఆరంబాక్కం దాటగానే ఆంధ్ర సర్కిల్లోకి ప్రవేశించేవాడు. ఒక్క పూట ప్రయాణంలో మూడు సర్కిళ్ళు! చెన్నైని తమిళనాడులో కలిపినది 2005లో. ఇప్పుడు దేశంలో 22 సర్కిళ్ళు ఉన్నాయి. 2014లో తెలంగాణ వేరు రాష్ట్రమైనా టెలికాం లెక్కలో ఆంధ్ర సర్కిల్ ఒకటిగానే మిగిలింది.

ఈ గీత మన ప్రాంతానికి కొత్త కాదు. 1959 నాటి చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు మారాయి. ఆనాడు భూమి మీద గీసిన గీతే తరువాత టెలిఫోను మీదా పడింది. గుమ్మిడిపూండి ల్యాండ్‌లైనుకు కోడు చెన్నైదైన 044. కూతవేటు దూరాన ఉన్న సూళ్ళూరుపేటది 08623, సత్యవేడుది 08576. అక్క గుమ్మిడిపూండిలో, చెల్లెలు సత్యవేడులో ఉంటే వారి మాటల మధ్య ఎస్.టి.డి. మీటరు తిరిగేది. దూరం పెరిగేకొద్దీ మీటరు వేగం పెరిగేది. రాత్రి పొద్దుపోయాక చార్జీ తగ్గుతుందని ఫోను బూతుల దగ్గర వరుసలో నిలబడిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి.

సెల్‌ఫోను వచ్చాక మీటరు పోయింది గానీ గీత పోలేదు. 1995లో సెల్‌ఫోను మొదలైనప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా ఖర్చయ్యేది. ఎవరైనా మనకు ఫోను చేసినా మనమే డబ్బు కట్టాలి. ఆ భారం 2003లో తొలగింది, పిలిచినవారే చెల్లించే పద్ధతి వచ్చింది. కానీ రోమింగులో ఉన్నవాడికి వచ్చిన కాల్ మీద మాత్రం రుసుము కొనసాగింది. 2007లో దాని గరిష్ఠ పరిమితి నిమిషానికి 1 రూపాయి 75 పైసలు. 2013లో 75 పైసలకు, 2015లో 45 పైసలకు తగ్గించారు. ఊరు కదలని సరిహద్దు మనిషికి ఈ రుసుము అన్యాయమే కదా! తరువాత కంపెనీల మధ్య పోటీ పెరిగి, దేశంలో రోమింగుకు వేరే రుసుము లేని ప్యాకులు మామూలయ్యాయి.

ఈ పరిమితులు పెట్టినది ఎవరు? ఇక్కడ మూడు సంస్థల పేర్లు గుర్తుపెట్టుకోండి. మొదటిది కేంద్ర ప్రభుత్వపు టెలికాం శాఖ. లైసెన్సులు ఇచ్చేది, తరంగాలను అంటే స్పెక్ట్రమ్‌ను కేటాయించేది అదే. రెండవది ట్రాయ్ అనే నియంత్రణ సంస్థ. 1997 చట్టంతో ఏర్పడింది. ధరలు, సేవల నాణ్యత, కంపెనీల మధ్య అనుసంధానం దాని పని. మూడవది 2000లో ఏర్పడిన టీడీశాట్ అనే ట్రైబ్యునల్. కంపెనీల తగాదాలు, ప్రభుత్వంతో వాటి తగాదాలు అక్కడ తీరుతాయి. 1885 నాటి టెలిగ్రాఫు చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త టెలికాం చట్టం చేసింది. అందులో కొన్ని భాగాలు 2024 జూన్ నుంచి అమలులోకి వచ్చాయి.

అసలు కంపెనీల వ్యాపారంలో ప్రభుత్వ నియంత్రణ ఎందుకని మీరు అడగవచ్చు. బస్సుల సంగతి ఆలోచించండి. తమిళనాడు బస్సు నెల్లూరుకు, ఆంధ్ర బస్సు చెన్నైకి రావాలంటే రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం కావాలి. అవతలి స్టాండులోకి రానివ్వకపోతే బస్సు ఉండీ ప్రయోజనం లేదు. టెలిఫోను కూడా అంతే. కొత్త కంపెనీ ఫోను నుంచి పాత కంపెనీ ఫోనుకు కాల్ పోకపోతే ఆ కొత్త సిమ్ ఎవరూ కొనరు. పెద్ద కంపెనీ తలుపు మూసిందంటే చిన్నది మూతపడుతుంది. అందుకే ఒకరి కాల్‌ను ఒకరు తీసుకొని తీరాలన్న నిబంధన ఉంది. అలా తీసుకున్నందుకు ఒక కంపెనీ ఇంకొక కంపెనీకి చెల్లించే మొత్తాన్ని ట్రాయ్ నిర్ణయిస్తుంది. మొబైలు కాల్‌కు నిమిషానికి 14 పైసలుగా ఉన్నది 2017 అక్టోబరులో 6 పైసలైంది. 2021 జనవరి 1 నుంచి సున్నా.

నియంత్రణ సంస్థకు కూడా హద్దులున్నాయి. మాట మధ్యలో కాల్ తెగిపోతే ఒక రూపాయి చొప్పున, రోజుకు మూడు కాల్స్ వరకు పరిహారం ఇవ్వాలని ట్రాయ్ 2015లో నిబంధన చేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2016 మే నెలలో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. 2024 నిబంధనల్లో ఇంకో పద్ధతి వచ్చింది. ఒక జిల్లాలో 24 గంటలకు మించి సేవ నిలిచిపోతే, ఆ జిల్లాలో నమోదైన చందాదారులకు బిల్లులో తగ్గింపో, గడువు పొడిగింపో ఇవ్వాలి. కనుక మీ సిమ్ ఏ చిరునామా మీద ఉన్నదో చూసుకోవడం మంచిది.

ఇక మీరు చేయగలిగిన పనులు చెబుతాను.

ఇంట్లో ఉండగానే ఫోను తరచు పక్క రాష్ట్రపు టవరు పడుతుంటే, సెట్టింగులలో నెట్‌వర్కును దానంతట అది ఎన్నుకునే ఏర్పాటు తీసివేసి, మీ సర్కిల్ నెట్‌వర్కును మీరే ఎన్నుకోవచ్చు. అక్కడ సిగ్నలు బొత్తిగా లేకపోతే మాత్రం పాత ఏర్పాటుకే తిరిగి రండి. పెళ్ళయి సత్యవేడు వెళ్ళిన అమ్మాయి, శ్రీసిటీలో ఉద్యోగానికి కాపురం మార్చిన అబ్బాయి నంబరు మార్చుకోనక్కర లేదు. 2015 జూలై 3 నుంచి ఒక సర్కిల్ నంబరునే ఇంకొక సర్కిల్లోకి తీసుకుపోవచ్చు.

సేవ సరిగా లేకపోతే ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి చెప్పి, వారిచ్చే నంబరు రాసిపెట్టుకోండి. ఆ నంబరు లేనిదే మీ ఫిర్యాదుకు రుజువు ఉండదు. అక్కడ తీరకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయాలి. ట్రాయ్ విడి వ్యక్తుల ఫిర్యాదులను తానుగా విచారించదు. కానీ వినియోగదారుల కమిషన్ తలుపు తట్టే హక్కు మీకుంది. టెలిఫోను వ్యవహారాలు ఆ కమిషన్ల పరిధిలోకి వస్తాయని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చివరిగా ఒక మాట. ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. ప్రమాదం జరిగి 112కు ఫోను చేస్తే, ఆ కాల్ ఎక్కడికి వెళ్ళాలన్నది సాధారణంగా మీ ఫోను పట్టుకున్న టవరును బట్టి ఉంటుంది. మీ నంబరును బట్టి కాదు. జాతీయ రహదారి మీద ఆరంబాక్కం దగ్గర ప్రమాదం జరిగిందనుకోండి. ఆ క్షణాన ఫోను ఆంధ్ర టవరు మీద ఉంటే కాల్ ఆంధ్రలో మోగవచ్చు. తడ దగ్గరివారి కాల్ తమిళనాడులో మోగవచ్చు. అందుకని ఫోను ఎత్తగానే ఏం జరిగిందో చెప్పడానికి ముందు ఎక్కడ ఉన్నారో చెప్పండి. ఊరు, తాలూకా లేదా మండలం, జిల్లా, రాష్ట్రం ఈ వరుసలో చెప్పండి. మేము పక్క రాష్ట్రంలో ఉన్నాం, వారికి కబురు చేయండి అని అడగండి. ఇంట్లో పిల్లలకూ పెద్దలకూ ఈ నాలుగు మాటలు తెలుగులోనూ తమిళంలోనూ నేర్పించండి. రెండు భాషలూ వచ్చిన ఊళ్ళు మనవి. ఆపద సమయంలో ఆ రెండో భాష ఒక ప్రాణం నిలబెట్టవచ్చు.