మాండలిన్ శ్రీనివాస్ ‘డ్రీమ్’: స్టూడియోలో రూపొందిన ఆల్బమ్

కర్ణాటక సంగీత క్యాసెట్టులో సాధారణంగా ఉండేది ఒక కచేరీ. గాయకుడు, వయొలిన్, మృదంగం కలిసి కూర్చుని చేసిన సంగీతాన్ని యంత్రం పట్టి ఉంచుతుంది, అంతే. 1960ల చివర ఇంగ్లండులో రూపుదిద్దుకొన్న ఆర్ట్ రాక్ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ఆ సంగీతకారులు వాద్యాలను వేర్వేరుగా రికార్డు చేసి, పొరలు పొరలుగా పేర్చి, వేదికమీద ఎవరూ ఒక్కసారిగా వాయించని సంగీతాన్ని స్టూడియోలోనే తయారుచేశారు. జెనెసిస్ బృందం నుంచి 1975లో బయటికి వచ్చిన పీటర్ గేబ్రియల్ 1977 నుంచి విడుదల చేసిన సొంత ఆల్బమ్‌లు ఈ కోవలోవే.

గేబ్రియల్ 1989లో రియల్ వరల్డ్ రికార్డ్స్ అనే సంస్థను నెలకొల్పాడు. 1995లో ఆ సంస్థ విడుదల చేసిన ‘డ్రీమ్’ను మనం ఇక్కడ పరిశీలిద్దాం. ఇది ఒక్కరి ఆల్బమ్ కాదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014), కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్ కలిసి చేసినది.

మెట్ల వాద్యంపై గమకం

మాండలిన్‌ను మీటగానే నాదం టక్కున పుట్టి, వెంటనే సన్నగిల్లుతుంది. పాశ్చాత్య వాద్యకారులు అందుకే ఒకే స్వరాన్ని గబగబా పదేపదే మీటుతారు. తీగలు జంటలుగా ఉంటాయి కనుక పక్కకు లాగడమూ కష్టమే. కర్ణాటక సంగీతానికి ఈ రెండూ పెద్ద అడ్డంకులు. తోడి రాగంలోని గాంధారాన్ని ఊపకుండా నిలువుగా పలికిస్తే అది తోడి అనిపించుకోదు. ఊపాలంటే తీగ లొంగాలి, ఊగినంతసేపూ నాదం నిలవాలి.

శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకొని, జంట తీగలకు బదులు ఐదు ఒంటి తీగలు అమర్చుకొన్నారు. దీనితో తీగ వేలికి లొంగింది. నాదం సన్నగిల్లుతున్నప్పటి చిన్న కదలిక కూడా యాంప్లిఫయర్ వల్ల వినబడింది. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయన మాండలిన్ వాయించేవారు కారు, పాడి వినిపించేవారు. బాలుడు ఆ పాటను తీగలపై వెతుక్కొనేవాడు. మాండలిన్ బాణీ అంటూ ముందే ఒకటి నేర్చుకొని ఉంటే ఈ గమకాలు దొరికేవి కావేమో!

1978లో గుడివాడలో తొలి కచేరీ, 1981లో మద్రాసు ప్రవేశం. ఈ వాద్యానికి గమకం పలుకుతుందా అని సందేహించినవారు అక్కడ లేకపోలేదు.

బ్రూక్ దారి

విచిత్రమేమంటే, బ్రూక్‌ను వేధించిందీ ఇదే ప్రశ్న: మీటిన నాదాన్ని ఎలా నిలపాలి? ఆయన రూపొందించిన ‘ఇన్ఫినిట్ గిటార్’లోని విద్యుత్ వలయం తీగ కంపనాన్ని తిరిగి తీగకే అందిస్తుంది. అందువల్ల స్వరం ఎంతసేపైనా ఆగదు. యూటూ బృందం 1987లో విడుదల చేసిన ‘విత్ ఆర్ వితౌట్ యూ’లో వినిపించేది ఈ గిటారే.

‘డ్రీమ్’లో ఈ రెండు పరిష్కారాలూ పక్కపక్కన వినిపిస్తాయి. అడుగున బ్రూక్ పొరలు మబ్బులా పరచుకొంటాయి. పైన మాండలిన్ చురుగ్గా కదులుతుంది. ఆ పొరలను తంబురాతో పోల్చవచ్చు గాని, పోలిక కొంతవరకే నిలుస్తుంది. తంబురా శ్రుతిని చూపి పక్కకు తప్పుకొంటుంది. బ్రూక్ గిటారు తానే రంగు మారుస్తూ మన చెవిని తనవైపు లాగుతుంది. కచేరీలో మృదంగంతో సాగే సవాలు జవాబుల బిగువు కూడా ఇక్కడ తగ్గింది. అది నష్టమే. అయితే గమకం మాత్రం చెదరలేదు; రెండు స్వరాల నడుమ శ్రీనివాస్ వేలు చేసే ప్రయాణం ఈ విశాలమైన నిశ్శబ్దంలో మరింత విడిగా వినబడుతుంది.

అభ్యాసం: రియల్ వరల్డ్ సంస్థే 1994లో తెచ్చిన శ్రీనివాస్ సంప్రదాయ ఆల్బమ్ ‘రామ శ్రీరామ’ను, ‘డ్రీమ్’ను వెంటవెంటనే వినండి. ప్రతిదానిలో ఒక దీర్ఘ స్వరాన్ని ఎంచుకొని, అది నిలిచినది వేలి కదలిక వల్లనా, యాంప్లిఫయర్ వల్లనా, వెనుకనున్న పొర వల్లనా అన్నది పది పంక్తులలో రాయండి.